ఆకలికి యథాతథ స్థితి

మల్లాయిపేట సీయోను దేవాలయానికి దర్శనం లేదన్న సంగతి నూట పాతికేళ్ల పాటు ఎవరికీ తెలియలేదు పాపం. పెళ్లిళ్లు జరిగాయి, బాప్తిస్మాలు జరిగాయి, ఏటా క్రిస్మస్‌కి కాగితం నక్షత్రం కట్టారు, గంట తాడు తెగినప్పుడల్లా ముడేసుకున్నారు. దర్శనం లేకుండా ఇవన్నీ ఎలా జరిగిపోయాయో ఆ దేవుడికే తెలియాలి. హెడ్డాఫీసు నుంచి సర్క్యులర్ వచ్చాక గానీ సంఘానికి తన లోటు తెలిసిరాలేదు.

"ప్రతి స్థానిక సంఘమూ రాబోవు పాతికేళ్లలో తాను చేయదలచిన సమాజ సేవను గూర్చి స్పష్టమైన, సమగ్రమైన, దూరదృష్టితో కూడిన దర్శన పత్రమును తయారుచేసి మూడు ప్రతులలో సమర్పించవలెను" అని అందులో ఉంది.

పాస్టరు తిమోతిగారు ఆదివారం ఆరాధన అయ్యాక దాన్ని చదివి వినిపించారు. మగవాళ్ల వైపు తలలు గంభీరంగా ఊగాయి. ఆడవాళ్ల వైపు, రెండో వరుసలో చాప మీద కూర్చున్న సువార్తమ్మ మాత్రం బల్ల ముందున్న బియ్యం గంపకేసే చూస్తోంది. గంప నిండలేదు. ఈ వారం ఎవరో పిడికిలి బిగించారు.

ఆ గంప సంగతి చెప్పాలి. ఆ సంఘంలో ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి విడిగా ఓ డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బా తెచ్చి గుళ్లో బల్ల ముందు గంపలో కుమ్మరిస్తారు. వాళ్ల నాయనమ్మల నాటి పద్ధతి అది. ఒకరివి సన్నబియ్యం, ఒకరివి రేషను బియ్యం, ఒకరివి నూకలు. అన్నీ కలిపి వండితే కొన్ని ముద్దైపోతాయి, కొన్ని పలుకుగా నిలబడతాయి. అన్నం అని పేరు పెట్టడానికి నోరు రాదు. అందుకని గంజే కాయాలి. గంజికి ఈ తేడాలేమీ పట్టవు.

ఆ గంజి కాసేది స్త్రీల సమాజం. కాయించేది సువార్తమ్మ. గుడికి ఎదురుగా రోడ్డవతల పెద్ద ప్రభుత్వాసుపత్రి ఉంది. పదహారేళ్ల కిందట ఆమె భర్త అక్కడే పంతొమ్మిది రోజులు మంచాన పడి పోయాడు. ఆ పంతొమ్మిది పొద్దుటిపూటలూ ఆమెకి బాగా గుర్తు. రాత్రంతా మంచం పక్కన నేల మీద మేలుకుని తెల్లారి బయటికొస్తే, గేటు దగ్గర గుక్కెడు వేడి నీళ్లిచ్చే దిక్కు లేదు. పేషెంటుకి రొట్టె, పాలు ఇస్తారు. పేషెంటు పక్కన కూర్చున్నవాడికి కడుపుంటుందని ఎవరికీ తట్టదు. భర్త పోయిన నలభై రోజులకి ఆమె గుడి వెనక పాకలో పెద్ద డేగిసా పొయ్యి మీదకెక్కించింది. అప్పట్నుంచి రోజూ పొద్దున్నే ఏడింటికి ఆసుపత్రి గేటు దగ్గర గంజి, అందులోకి కాస్త మాగాయ. ఒక్క రోజు తప్పలేదు.

సరే, దర్శనానికి కమిటీ వేశారు. అధ్యక్షులు గమలీయేలుగారు. గణాంక శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. ఇంట్లో ఉప్పు డబ్బా మీద కూడా తేదీ రాసి పెడతాడని ఆయన భార్యే చెబుతుంది. మనిషి చెడ్డవాడు కాదు. కాగితం మీద లేనిదేదీ కంటికి ఆనదు, అంతే.

కమిటీకి దారి చూపడానికి హైదరాబాదు నుంచి ఎబినేజరుగారనే విజన్ కోచ్ దిగాడు. వచ్చీ రాగానే గోడ నిండా రంగురంగుల చీటీలు అంటించాడు. అందర్నీ కళ్లు మూసుకోమన్నాడు.

"బ్రదర్స్, సిస్టర్స్! మీరిప్పుడు రెండు వేల యాభైలో ఉన్నారు. ఏం కనబడుతోంది? ఫీల్ అవ్వండి!"

ఒకాయనకి పదంతస్తుల భవనం కనబడింది. ఇంకొకాయనకి అదే భవనానికి లిఫ్టు కనబడింది. వరుసలో సువార్తమ్మ వంతు వచ్చింది.

"మీకేం కనబడుతోంది సిస్టర్?"

"రేప్పొద్దున కనబడతందయ్యా. ఉప్పు నిండుకుంది."

"రేపు కాదు సిస్టర్, రెండు వేల యాభై!"

"అప్పటికి నేనుంటానో లేదో గానీ, రేప్పొద్దున మాత్రం అరవై మంది ఉంటారు" అంది సువార్తమ్మ, కళ్లు తెరిచి.

కోచ్ ఆ మాటని పసుపు చీటీ మీద 'స్వల్పకాలిక ఆలోచనా ధోరణి' అని రాసి గోడకి ఒక మూల అంటించాడు.

మొదటి పనిగా ప్రస్తుత స్థితి సర్వే చేయాలన్నారు. ఊళ్లో ఎవరికేం అవసరమో తెలియకుండా సేవ చేయడం చీకట్లో నడవడమని గమలీయేలుగారు అరగంట చెప్పారు. ఫారాలు అచ్చయ్యాయి. సోమవారం ఎనిమిదింటికి ఆయనే స్వయంగా, చేతిలో అట్ట పట్టుకుని ఆసుపత్రి గేటు దగ్గరికి వెళ్లారు. మొదట దొరికినవాడు మీరావలి. పంచర్లేసే కుర్రాడు, తల్లిని వార్డులో చేర్పించి వారమైంది.

"గత కొద్ది గంటలలో మీరనుభవించిన ఆకలిని ఒకటి నుంచి పది లోపు తెలుపుడు."

"ఎప్పుడండీ? ఈ అమ్మ గంజి పోయకముందా, పోసినాకా?"

"ప్రస్తుతం."

"ప్రస్తుతమైతే సున్నా అండీ."

"సున్నా లేదు. ఒకటి నుంచి మొదలు."

"అట్టాగా? పోనీ ఒకటి వేసుకోండి. పెద్దోరు, మీ మాటెందుకు కాదనాలి!"

నలభై ఏడుగురిని అడిగితే నలభై ఏడుగురూ ఒకటే అన్నారు. గమలీయేలుగారి ముఖం మాడిపోయింది. డేగిసా కడుగుతున్న సువార్తమ్మ దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"సిస్టర్, మీరు డేటాని పాడుచేస్తున్నారు."

"నేనేం ముట్టుకోలేదండీ!" అని ఆమె చేతులు చూసుకుంది.

"ఇక్కడ సహజంగా ఉండవలసిన ఆకలి లేకుండా పోయింది. ఎవరివల్ల? మీవల్ల. ఆకలి కొలవకుండా ఆకలి తీరిస్తే, రేపు మనం దర్శనంతో చేసే సేవకి ఫలితం ఎలా చూపిస్తాం? ముందు ఎంత ఉందో రాసుకోవాలి, తరవాత తగ్గించాలి. ముందే తగ్గించేస్తే ఇంక తగ్గించడానికేం మిగులుతుంది?"

"ఏమీ మిగలకపోతే మంచిదే గదండీ."

ఆయన అట్ట చంకన పెట్టుకుని వెళ్లిపోయారు. ఆ సాయంత్రమే కమిటీ సమావేశమై తీర్మానం చేసింది. 'దర్శన పత్రము ఆమోదము పొందువరకు సంఘ పరిధిలోని అవసరములన్నింటినీ యథాతథ స్థితిలో ఉంచవలెను. ఎవ్వరునూ, ఎట్టి సేవయునూ, ముందస్తు అనుమతి లేక చేయరాదు.' మర్నాడు పొద్దున్నే వంటపాకలోని డేగిసాకి, బియ్యం డ్రమ్ముకి లక్కతో సీలు పడింది. పక్కన చీటీ: 'ప్రస్తుత వనరు, వరుస సంఖ్య 1, 2.'

అంతటితో ఆగితే అది కమిటీ ఎలా అవుతుంది? అవసరాలు తరిగిపోకుండా కాపాడటానికి 'అవసర పరిరక్షణ ఉపసంఘం' అని ఇంకొకటి పుట్టింది. సభ్యులకి చొక్కా జేబుకి తగిలించుకునే బిళ్లలు కూడా ఇచ్చారు. డీకను హనోకు జాలిపడి ఒక ముసలి విధవరాలి ఇంటి కప్పు మీద నీలం పట్టా కప్పితే, సర్వే ఫోటోలో కప్పు కారుతోంది గనక వాస్తవంలోనూ కారాలని చెప్పి, అదే నిచ్చెన వేయించి, అతని చేతే తీయించారు. గుడి మెట్ల మీద ఒక పెద్దాయన జారిపడ్డాడు. లేపడం సేవ కిందికి వస్తుందా రాదా అని ఉపసంఘం అక్కడికక్కడే కూర్చుంది. చర్చ ముగిసేలోగా ఆయనే మోకాలు పట్టుకుని లేచి, అందర్నీ ఒక చూపు చూసి ఇంటికి పోయాడు. దాన్ని 'స్వయం సాధికారత' కింద రాసుకున్నారు.

సువార్తమ్మ పాస్టరుగారి దగ్గరికి పరిగెత్తింది.

"అయ్యగారూ, ఇదేం అన్యాయం? అది నా డేగిసానా, వాళ్ల డేగిసానా? ఆ జనం గేటు దగ్గర నన్నే చూస్తా నిలబడి ఉన్నారు!"

"నా చేతిలో ఏముందమ్మా? నేను అయ్యగారిని గానీ కమిటీని కాదు గదా" అన్నారాయన. ఆయన ముఖం చూస్తే ఆమెకే జాలేసింది.

మర్నాడు తెల్లవారకముందే లేచి ఇంట్లో కుక్కర్లో కాసింది. ఎంత నీళ్లగా కాసినా పన్నెండు గ్లాసులే తేలాయి. గేటు దగ్గర అరవై మంది. ముందు నిలబడ్డ పన్నెండుగురికి పోసేసరికి గిన్నె అడుగు కనబడింది. వెనక ఉన్నవాళ్లలో ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు. గ్లాసులు చీర కొంగుల్లో, సంచుల్లో దాచుకుని వెనక్కి తిరిగారు. ఎవరైనా నాలుగు తిట్లు తిట్టినా బాగుండును. సువార్తమ్మ ఆసుపత్రి ప్రహరీ పక్కన కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. పదహారేళ్లలో ఆమె అక్కడ ఏడవడం అదే మొదలు.

ఆదివారం గంపలో మళ్లీ బియ్యం పడ్డాయి. బల్ల ముందు పోసిన బియ్యం తిరిగి ఇంటికి తీసుకెళ్లడం ఆ ఆడవాళ్లకి చేతకాదు. గంపలోంచి డ్రమ్ములోకి, డ్రమ్ముకి మళ్లీ సీలు. అయితే ఆ సీలు వారానికి రెండుసార్లు ఊడుతోంది. ఎందుకంటే కమిటీకి టిఫిను కావాలి. నియమావళిలో తొమ్మిదో నియమం: 'దర్శన కమిటీ గానీ, దాని ఉపసంఘములు గానీ సమావేశమైనప్పుడు సభ్యులకు ఫలహారము ఏర్పాటు చేయవలెను.' ఏ గుడి మీటింగైనా టిఫినుతో ముగియాల్సిందే. ప్రార్థన లేకుండా ముగిసిన మీటింగులు ఉన్నాయేమో గానీ టిఫిను లేకుండా ముగిసినది ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు. గమలీయేలుగారు చీటీ మీద సంతకం పెడతారు, సీలు తీస్తారు, స్త్రీల సమాజం నూక ఉప్మా చేస్తుంది, మళ్లీ సీలు వేస్తారు.

బుధవారం ఉప్మాలో పోపు వేస్తూ వేస్తూ సువార్తమ్మ గరిటె ఆపేసింది. పక్కనే ఉల్లిపాయలు తరుగుతున్న రూతమ్మ "ఏందక్కా, మాడిపోద్ది, కలుపు!" అంది.

"ఆగవే. నేనిప్పుడు ఒక దర్శనం చూస్తన్నా" అంది సువార్తమ్మ.

ఉప్మా పళ్లెం గమలీయేలుగారి చేతికిస్తూ వినయంగా అడిగింది.

"అయ్యా, ఈ ఉపసంఘాలు ఎన్ని ఉండొచ్చండీ?"

"ఎన్నైనా ఉండొచ్చు సిస్టర్! ఎన్ని ఎక్కువుంటే అంత భాగస్వామ్యం. హెడ్డాఫీసు ఫారంలో భాగస్వామ్యానికి ఒక పేజీ మొత్తం వదిలారు. మనది ఇంకా ఖాళీగానే ఉంది" అని ఆయన బాధపడ్డారు.

"సంఘంలో లేనోళ్లు కూడా ఉండొచ్చా?"

"ఉండొచ్చా ఏంటి, ఉండాలి! సేవ అందుకోబోయే వర్గాల వాణి వినబడాలని కోచ్ గారు పదేపదే చెప్పారు. కానీ ఎవరొస్తారు సిస్టర్?"

"నేను పిలుస్తానయ్యా. మా మాటంటే కాస్త వింటారు. కాకపోతే వాళ్లు ఆసుపత్రి వదిలి రాలేరు. పొద్దున్నే ఏడింటికి, గేటు దగ్గరే పెట్టుకుంటాం మీటింగు."

గమలీయేలుగారి కళ్లు చెమ్మగిల్లాయి. ఇన్నాళ్లకి ఈమెకి దర్శనం అంటే ఏమిటో బోధపడిందని సంబరపడి 'ప్రజావాణి ఉపసంఘం' మంజూరు చేస్తూ అక్కడే సంతకం పెట్టేశారు. సభ్యుల సంఖ్య దగ్గర 'పరిమితి లేదు' అని రాశారు. సమావేశాల దగ్గర 'అవసరాన్ని బట్టి' అని రాశారు. చదువుకున్నవాడు గదా, చేతివ్రాత ముత్యాల్లా ఉంది.

మర్నాడు ఏడింటికి ప్రజావాణి ఉపసంఘం తొలి సమావేశం జరిగింది. అరవై నాలుగు మంది సభ్యులు హాజరు. మీరావలిని అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు, అతని చేతిలో గ్లాసు అందరి గ్లాసులకన్నా పెద్దది గనక. చీటీ చూపించి సీలు తీయించిన డేగిసాలోంచి పొగలు లేస్తున్నాయి.

"ఏవండీ, అందరూ వచ్చినట్టేనా?" అన్నాడు మీరావలి అధ్యక్ష స్థానంలోంచి, అంటే తిరగేసిన బకెట్టు మీదనుంచి. "ఎవరికన్నా ఏమన్నా చెప్పేదుందా?"

"మాగాయ ఇంకొంచెం కావాలి" అందొక ముసలావిడ.

"రాసుకోమ్మా సువార్తమ్మా. ఇంకా? లేదా? అయితే రేపటికి వాయిదా."

మినిట్స్ పుస్తకంలో సువార్తమ్మ వంకర అక్షరాలతో రాసింది: 'చర్చ జరిగింది. అందరూ పాల్గొన్నారు. విషయం పెద్దది గనక రేపు కూడా కూర్చోవాలి.'

రేపు కూడా కూర్చున్నారు. ఎల్లుండి కూడా కూర్చున్నారు. ఆదివారాలు కూడా కూర్చున్నారు. పేషెంట్లు డిశ్చార్జి అయితే వాళ్ల తాలూకు సభ్యులు రాజీనామా చేసి వెళ్లేవారు, కొత్తగా చేరిన పేషెంట్లతో కొత్త సభ్యులొచ్చేవారు. ఐదో వారం గమలీయేలుగారు తనిఖీకి వచ్చారు. అరవై, డెబ్భై మంది బారుగా నిలబడి ఉపసంఘ బాధ్యతలు నిర్వర్తిస్తుంటే ఆయన ఛాతీ పొంగింది. ఫోటోలు తీసుకున్నారు. అయితే గ్లాసుల్లోకి తొంగిచూసి కనుబొమ్మలు ముడిచారు.

"ఇది గంజి కదా సిస్టర్? ఫలహారం అంటే ఉప్మా కదా?"

"తొమ్మిదో నియమంలో ఉప్మా అని రాయలేదండీ. రాసుంటే ఉప్మాయే చేసేదాన్ని. రాయంది నేనెట్టా చేస్తాను?"

కాగితం మీద లేనిదాన్ని కాదనడం ఆయన వల్ల కాలేదు. ఒక్క క్షణం ఆమె ముఖంలోకి అనుమానంగా చూశారు. సువార్తమ్మ గరిటె కేసి చూస్తూ నిలబడింది. నవ్వాపుకోలేక రూతమ్మ ఆసుపత్రి లోపలికి పారిపోయింది.

ఏడాది గడిచింది. పత్రం ముగించే ముందు ఆఖరి సర్వే చేశారు. ఈసారి ఫారంలో సున్నా కూడా పెట్టారు. గేటు దగ్గర అడిగిన ప్రతివాడూ సున్నా అన్నాడు. ఆకలి సహజంగానే లేదని, ఎవరూ సేవ చేయకుండానే లేదని, ముప్పై నాలుగేళ్ల అనుభవం మీద ఆధారపడి గమలీయేలుగారు తేల్చారు. సేవ నిలిపివేసి ఏడాదైంది కదా మరి!

దర్శనోత్సవం నాడు గుడి కిటకిటలాడింది. కోచ్ గారికి శాలువా, హెడ్డాఫీసు ప్రతినిధికి ఇంకా పెద్ద శాలువా. నూట పన్నెండు పేజీల పత్రంలోంచి గమలీయేలుగారు ముఖ్యాంశాలు చదివారు. సువార్తమ్మ చాప మీద ఊపిరి బిగబట్టి కూర్చుంది. పత్రం ఆమోదం పొందితే కమిటీ రద్దు. కమిటీ రద్దయితే ఉపసంఘాలూ రద్దు. ఉపసంఘం లేకపోతే రేప్పొద్దున చీటీ లేదు, వనరుల జాబితాకెక్కిన డేగిసా ఇక దర్శనం పాలే. గేటు దగ్గర గ్లాసులు కొంగుల్లో దాచుకుని వెనక్కి తిరిగిన వాళ్లే ఆమె కళ్ల ముందు మెదులుతున్నారు.

"అంశము పద్నాలుగు. ఆసుపత్రి గేటు వద్ద ఆకలి: లేదు. సిఫారసు: సంఘము జోక్యము చేసుకొనవలసిన అవసరము లేదు. దర్శనము నుండి తొలగించడమైనది."

సభ చప్పట్లు కొట్టింది. ఊళ్లో ఒక బాధ లేకుండా పోయిందంటే చప్పట్లు కొట్టరా ఎవరైనా?

మరి దర్శనంలో మిగిలిందేమిటి? తొలగించగా తొలగించగా ఒక్కటే నిలిచింది. రెండు వేల యాభై నాటికి ఇతర సంఘాలకు దర్శన పత్రాలు తయారుచేయడంలో శిక్షణ ఇచ్చే పదంతస్తుల కేంద్రం, లిఫ్టుతో సహా. కమిటీని కృతజ్ఞతలతో రద్దు చేశారు.

సువార్తమ్మ లేచి నిలబడింది. 

"అయ్యా, మరి ఆ డేగిసా, బియ్యం డ్రమ్ము?"

గమలీయేలుగారు జాబితా తిరగేశారు.

"అంశము పద్నాలుగు తొలగించాం గనక అవి దర్శనానికి సంబంధం లేని సామగ్రి అవుతాయి. మనకి అక్కర్లేదు. మీరు తీసుకుపోవచ్చు సిస్టర్" అని, సీలు తీయమని ఉదారంగా సెలవిచ్చారు.

ఈసారి చప్పట్లు సువార్తమ్మ ఒక్కతే కొట్టింది. అరచేతులు ఎర్రబడేదాకా కొట్టింది. కోచ్ గారు తనకేననుకుని లేచి నమస్కారం చేశారు.

ఇది జరిగిన రెండు నెలలకి గమలీయేలుగారి భార్య బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఎముకల డాక్టరు మంచివాడని ఆ ప్రభుత్వాసుపత్రిలోనే చేర్పించారు. ఆపరేషన్ అయిన రోజు రాత్రంతా ఆయన మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నారు. తెల్లారి నర్సమ్మ "మీరు కాస్త బయటికి వెళ్లి రండి తాతగారూ" అంటే గేటు దాకా నడిచారు.  క్యాంటీను తలుపులు ఇంకా తెరవలేదు. ఎదురుగా బారు కనబడింది. ముందున్నవాడి వీపు చూసుకుంటూ ఆయనా నిలబడ్డారు. ఎవరో చేతిలో గ్లాసు పెట్టారు.

వరుస జరిగి జరిగి డేగిసా ముందుకి వచ్చారు. సువార్తమ్మ తలెత్తి చూసింది. చూసి, గ్లాసు నిండా పోసి, పైన మాగాయ ముక్క వేసింది.

గమలీయేలుగారు గ్లాసు పట్టుకుని కదలకుండా నిలబడ్డారు. కిందటి రోజు మధ్యాహ్నం నుంచి ఆయన కడుపులో ఏమీ పడలేదు. అయినా ముప్పై నాలుగేళ్ల అలవాటు ఊరుకోనివ్వలేదు.

"సిస్టర్... ఇది ఏ పథకం కింద?"

"ఏ పథకంలోనూ లేదండీ, ఇక్కడ ఆకలి లేదని మీరే రాశారుగా" అంది సువార్తమ్మ. "తాగండి, చల్లారిపోద్ది. వెనకాల జనం ఉన్నారు."